కన్నాలు పెట్టని పట్టీ

మా ఇంటి మొండిఘటానికి,

యావన్మందికీ విచారంతో తెలియజేయునది ఏమనగా, మన కుక్కరు నిన్న పొద్దున ఎనిమిది గంటలకి కూత మానేసింది. నువ్వు లేవని మౌనవ్రతం పట్టింది. మీ అక్క నీ పక్కనుంటే కాగితం ఇక్కడే మడిచెయ్. కిందది అక్కగారు చదవాల్సింది కాదు.

నువ్వు మీ అక్కింటికెళ్లి పంతొమ్మిది రోజులు. ఫోను ఎత్తవు. ఎత్తినా నేనేదో వెటకారం చేస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. ఐదో క్లాసుతో ఆపేసినోడి రాత, సర్దుకో.

ఆ బల్ల చేశాను.

నువ్వు క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో గీసిచ్చావే, అదే. "నవ్వనంటే ఒకటి చెప్తా" అన్నావు. నవ్వనన్నాను. "ఇరవై రెండేళ్లుగా ఇల్లంతా నేనే పట్టుకుని ఉన్నా. ఎప్పుడన్నా ఓసారి నా చేతులు కట్టేసి, నువ్వు పట్టుకో. నేను కాసేపు వదిలేస్తా" అన్నావు. చెవులు ఎర్రబడ్డాయి నీకు. నాకూ. ఆ రాత్రి నవ్వలేదు. అంతవరకూ మంచోణ్ణే.

మర్నాడు మన వడ్రంగి షెడ్లో పాలిష్‌వాడు ఆ కాగితం చూసి, "ఇదేం బల్లన్నా, కొత్త రకమా?" అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "మా ఆవిణ్ణి కట్టెయ్యడానికిరా. విప్పితే కరుస్తుంది" అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. గుమ్మంలో నువ్వు, చేతిలో క్యారేజీ. "చాలు" అన్నావు. క్యారేజీ కింద పెట్టి వెళ్లిపోయావు. సాయంత్రం ఫోన్లో, "నువ్వొచ్చింది చూళ్లేదే, ఏమీ వినలేదు" అన్నాను.

ఇప్పుడు బల్ల సంగతి విను. గట్టి చెక్క, కాళ్లకి బోల్టులు, ఊగదు. మూలలన్నీ గుండ్రంగా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో మూడుసార్లు రుద్దాను. బుగ్గ ఆనించి చూశాను, ఎక్కడా గీసుకోదు. పైన స్పాంజి, దానిమీద రెగ్జిను. చేతులకి తోలు పట్టీలు, లోపల మెత్తటి గుడ్డ కుట్టాను. ప్రతి పట్టీకీ నీ వేళ్లకి అందేచోట ఒక కొస ఉంటుంది, లాగితే ఊడొస్తుంది. నేను విప్పక్కర్లేదు. నువ్వే విప్పుకోవచ్చు.

మొదట ఆ కొస పెట్టలేదు. నేనే పడుకుని, పళ్లతో బిగించుకుని చూశాను. బిగిసిపోయింది! నాలుగు గంటలు! ముక్కుమీద ఈగ వాలితే ఊదుకుంటూ. చివరికి పాలిష్‌వాడొచ్చి, "అన్నా, వదిన నిన్నే కట్టేసి పోయిందా?" అని కూలబడి నవ్వాడు.

ఇక్కడ నువ్వు నవ్వుంటావు. నవ్వించాలనే రాశాను. కానీ చెయ్యి ఆడట్లేదే. పొద్దున రెండు గ్లాసులు పెట్టి టీ పోసి, రెండూ పారబోశాను. ఎవడితో జోకు మొదలెట్టినా చివరికి రాలేకపోతున్నా. నువ్వు రాకపోతే ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలీదు.

ఇంకో ఇబ్బంది. పట్టీకి కన్నం ఎక్కడ పెట్టాలి? నువ్వు వదిలెళ్లిన గాజు చుట్టూ కొలిచాను. అప్పుడు బుద్ధొచ్చింది, గాజు చేతికి వదులుగానే కదా ఉంటుంది. ఊళ్లోవాళ్ల గుమ్మాలన్నీ నూలంత తేడా కూడా రాకుండా కొలిచే నాకు, నీ మణికట్టు ఎంతో తెలీదు.

అందుకే ఒక పట్టీ ఈ కవర్లో పెడుతున్నా. చుట్టుకుని చూసుకో. నీకు బాగున్నచోట పెన్సిలుతో చుక్క పెట్టి పంపు. చుక్క లేకుండా తిరిగొస్తే బల్ల విప్పేసి అలమార చేసేస్తా. మళ్లీ అడగను.

ఇక ఇందులో అబద్ధాలేవో చెప్పేస్తా. కుక్కరు బాగానే కూస్తోంది, నేనే వండట్లేదు. నాలుగు గంటలు ఇరుక్కోలేదు. పాలిష్‌వాడికి బల్ల చూపించనే లేదు, షెడ్డు తలుపేసుకుని చేశా. పది నిమిషాలు దానిమీద పడుకున్న మాట నిజం, ఏడ్చింది నిజం.

ఫోన్లో చెప్పింది అబద్ధం. వాడితో ఆ మాట అనకముందే నిన్ను గుమ్మంలో చూశాను. నేనేం జోకేస్తానా అని వాడు ఎదురుచూస్తున్నాడు, నోరు ఆగలేదు. నువ్వు "చాలు" అన్నదీ విన్నాను. విని, నువ్వు వెనక్కి తిరిగాక, ఇంకో జోకు వేశాను. మన పెళ్లైనప్పట్నుంచీ నువ్వు చాలన్నాక నేను ఆగింది లేదు.

మిగతాదంతా నిజం. పట్టీకి కన్నం లేదు. కవరు విప్పి చూడు.

నీ
కోతి