అన్నయ్య ఇచ్చిన కారు

అన్నయ్యకు,

అమ్మ ఇప్పుడు కులాసాగా ఉంది. నిన్ననే బందరు ఆసుపత్రి నుంచి నాగాయలంక తీసుకొచ్చాను. ఫోన్‌లో అయితే ఏడ్చేస్తానని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తుఫాను రోజు మధ్యాహ్నం అమ్మకు ఆయాసం ఎక్కువైంది. అంబులెన్సు రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. నువ్విచ్చిన ఎలక్ట్రిక్ కారులోనే బయల్దేరాను. నూట ఇరవై కిలోమీటర్లు వెళ్తుందని చూపించింది. చల్లపల్లి చేరేసరికి ఆ అంకె ఇరవైకి పడిపోయింది. బందరు ఇంకా పాతిక కిలోమీటర్లుంది. ఏసీ ఆపేశాను. అద్దం మీది ఆవిరి చేత్తో తుడుచుకుంటూ, నలభై దాటకుండా, బ్రేకు తొక్కే అవసరం రాకుండా ముందే కాలు తీసేస్తూ నడిపాను. నీళ్ళు నిలిచిన చోట ముందు బస్సు వెళ్ళిన దారినే వెళ్ళాను. "నెమ్మదిగానే పోనీయమ్మా, నాకేం కాదులే" అంది అమ్మ, ఊపిరి అందకపోయినా. సరిగ్గా ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆగిపోయింది.

మర్నాడు కంపెనీ మెకానిక్ కంప్యూటర్‌లో పాత వివరాలు తీసి చూశాడు. "ఇది వరదలో మునిగిన బండండీ. బ్యాటరీ మార్చకుండా నడపొద్దని మీ అన్నగారికి అప్పుడే చెప్పాం" అన్నాడు.

తాళాలిచ్చేటప్పుడు "కళ్ళు మూసుకుని నడుపుకో చెల్లీ" అన్నావు. అందులో అమ్మను తిప్పేది నేనేనని నీకు తెలుసు.

నీ కారే తనను బతికించిందని అమ్మ చూడవచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. నేను కాదనలేకపోయాను. ఆదివారం వచ్చి కారు తీసుకెళ్ళు. అమ్మకు నిజం నువ్వే చెప్పు. ఆ పని కూడా నా చేత చేయించకు.

నీ చెల్లెలు