లీవరు నున్నబడిన విధం

మార్చి 2, ఆదివారం
వచ్చేసింది! లీవరు తుపాకీ! తాతల కాలం నాటి మోడలు, అచ్చు గుద్దినట్టు అదే. కాకపోతే ఇది పుట్టింది పోయినేడాది. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనప కడియంలో చెయ్యి దూర్చి కిందికి లాగితే పాత తూటా బయటికి ఎగురుతుంది, పైకి నొక్కితే కొత్తది లోపలికి పోతుంది. లాగడమే కష్టం. స్కూలు బస్సులో రివర్స్ గేరు వేసినట్టుంది. ముప్పై ఏళ్ళు వేశాను కాబట్టి చెబుతున్నా.

వెల్డా గుమ్మంలో నిలబడి చూసింది. పెళ్ళానికి ఉండాల్సిన ఉత్సాహం ఏ కోశానా లేదు.
"హార్లన్, గ్యారేజీలో తీగల్లేని బాంజో ఉంది. తేనెటీగల్లేని తేనెపెట్టె ఉంది. ఇప్పుడిదా?"
"ఇది వేరే."
"ఏప్రిల్ పన్నెండున మీ కౌబాయ్ క్లబ్బు కాల్పుల పోటీ. ఆ రోజుకి ఇది పని చెయ్యకపోతే గ్యారేజీ నాది. బొంతలు కుట్టుకునే మిషను పెట్టుకుంటా."
"సరే!" అన్నాను. ఆలోచించకుండానే.

ప్రతిజ్ఞ: రోజూ సాయంత్రం కాసేపు తుపాకీ సేవ. లీవరు వెన్నలా కదలాలి. చెక్క అద్దంలా మెరవాలి. సగంలో వదలను. ఈసారి వదలనంటే వదలను!

మార్చి 3
చెక్క విప్పాను. కంపెనీ వాడు పూసిన ఎర్ర వార్నిషు చూస్తే జబ్బు చేసిన నాలుక గుర్తొస్తోంది. ఉప్పు కాగితం పెట్టి గీకేశాను. లోపల వాల్‌నట్ చెక్క! ఎంత అందం! అవిసె నూనె ఒక పూత పట్టించాను. నా చేతులకి ఇంత పనితనం ఉందని ఎవరూ చెప్పలేదేం?

మార్చి 5
రెండో పూత.
వెల్డా: "భోజనాల బల్ల మీద ఈ కాలేంటి?"
నేను: "కాలు కాదు, తుపాకీ మడమ."
వెల్డా: "మడమైనా బల్ల మీద పెట్టరు."
ఇద్దరం వరండాలో తిన్నాం. గాలి బాగుంది. బీన్సులో ఇసుక పడింది.

మార్చి 9
ఓడెల్ వచ్చాడు. నాతో పాటు బస్సులు తోలినవాడు, క్లబ్బులో నాకంటే నాలుగేళ్ళు సీనియరు. క్లబ్బులో అందరికీ ఒక్కో కౌబాయ్ పేరుంటుంది. వీడిది 'గుడ్డి గబ్బిలం'. వీడు కాల్చడం చూస్తే ఎందుకో తెలుస్తుంది.
లీవరు లాగి చూశాడు. మొహం ఎర్రబడింది.
"ఏరా, ఇది లీవరా, బోరింగు పంపా?"
"నున్నగా చేద్దామనే."
"అయితే ఆకురాయి జోలికి పోకు. ఖాళీ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని లాగుతూ ఉండు. అరిగి అదే దారికొస్తుంది. పెళ్ళాంతో మనమూ అలాగే కదా వచ్చాం!"

గొప్ప సలహా. కూర్చుని చేసే పని!

మార్చి 11
టక్-చటక్. టక్-చటక్.
వెల్డా సీరియల్లో హీరో ఆఖరి మాట చెప్పి ప్రాణం వదిలాడట. ఆ మాటేంటో ఆమెకి వినబడలేదు. నన్ను మళ్ళీ వరండాలోకి తోలింది. అక్కడ లాగుతుంటే పక్కింటి కుక్క ప్రతి లాగుడుకీ ఒకసారి మొరిగింది. దానికి అలుపు లేదు. నాకుంది.

మార్చి 16
మోచెయ్యి నొప్పి. ఈ రోజు సెలవు. ఇనుముకీ విశ్రాంతి కావాలి. ఎక్కడో చదివాను.

మార్చి 19
దుమ్ము తుఫాను. ఇలాంటప్పుడు తుపాకీ బయటికి తీయడం మహా పాపం.

మార్చి 24
తుఫాను పోయింది. తుపాకీ ముట్టలేదు. కానీ టోపీ కొన్నాను! టోపీ కూడా తయారీలో భాగమే. అద్దం ముందు చాలాసేపు తయారయ్యాను.

మార్చి 31
వెల్డా టేపు పట్టుకుని గ్యారేజీలో తిరుగుతోంది. గోడ కొలుస్తోంది. ఈల వేస్తోంది.

ఏప్రిల్ 2
మళ్ళీ రంగంలోకి! లీవరు కడియం అంచు వేళ్ళ కణుపులు గీరేస్తోంది. దానికి తోలు పట్టీ చుట్టాను. రెండు పొరలు. మెత్తగా, పరుపులా ఉంది. లోపలి భాగాలకి నూనె ధారాళంగా పోశాను. ఆహా! పట్టులా జారుతోంది! ఓడెల్‌కి ఫోను చేసి ఆ చప్పుడు వినిపించాను.
"బాగుందిరా. ఏం నూనె?"
"ఉన్న నూనే."
ఇక ముట్టుకోను. పోటీ దాకా ఇలాగే దాచేస్తా.

ఏప్రిల్ 8
లీవరు కదలట్లేదు. అస్సలు. కాలితో తొక్కిపెట్టి లాగాను. నేనే కదిలాను.

ఓడెల్ సీసా వాసన చూశాడు. కుర్చీ వెతుక్కుని మరీ కూర్చుని నవ్వాడు.
"ఒరేయ్, ఇది అవిసె నూనె! చెక్కకి రాసేది. గాలి తగిలితే ఎండి జిగురవుతుంది. నువ్వు తుపాకీకి లోపల్నుంచి వార్నిషు వేశావు!"

ఏప్రిల్ 10
మొత్తం విప్పాను. వెల్డా బిస్కట్లు కాల్చే పళ్ళెంలో జిడ్డు కరిగించే సాల్వెంటు పోసి ఒక్కో ముక్కా కడిగాను. (పళ్ళెం సంగతి ఆమెకి ఇంకా తెలీదు.) ఈసారి సరైన నూనె. ఒక్కో చుక్క. బిగించాక ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు! లీవరు నిజంగానే నున్నగా కదిలింది. నమ్మలేక మళ్ళీ మళ్ళీ లాగాను.

ఏప్రిల్ 11
పళ్ళెం సంగతి తెలిసింది.
పాత తోలుకి జిగురంటింది, తీసేశాను. కొత్తది నీళ్ళలో నానబెట్టి చుట్టాను. మూడు పొరలు. కొంచెం బిగువుగా ఉంది. ఫరవాలేదు, సర్దుకుంటుంది.

ఏప్రిల్ 12, పోటీ
రాయాలా? రాస్తాను.

నిలబడి కాల్చే గీత దగ్గర పెద్దరికం పెగ్ అనే ఆవిడది. పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా చేసి రిటైరైంది. క్లబ్బు పేరు 'పన్నుపీకుడు పెగ్'. ఎదురుగా ఇనప పలకలు. తోలు ఎండి బిగుసుకుంది. చెయ్యి తిప్పి తిప్పి దూర్చాను. ఢాం! ఒక పలక పడింది. టక్-చటక్, పట్టులా! ఢాం! రెండోదీ పడింది! వెనక చప్పట్లు. నా జన్మకి అంతకంటే మంచి క్షణం లేదు.

పెట్టిన తూటాలు అయిపోయాయి, మళ్ళీ పెట్టాలి. కడియంలోంచి చెయ్యి రాలేదు.

లాగాను. తిప్పాను. ఎండకి వేళ్ళు సాసేజీల్లా ఉబ్బాయి.
"పెగ్, చెయ్యి రావట్లేదు."
"గొట్టం అటే ఉంచు, కదలకు." వచ్చి తుపాకీ ఖాళీయేనని చూసింది. తర్వాత నా చెయ్యి చూసింది. "అందరూ ఆగండి! ఇక్కడో దవడ పన్ను ఉంది!"

చూడ్డానికొచ్చిన వెల్డా క్లబ్బు వంట పొయ్యి దగ్గర్నుంచి పెనం పట్టుకొచ్చింది. అందులో పొద్దున బేకన్, అదే పంది మాంసం, వేయించగా మిగిలిన కొవ్వు. కణుపుల నిండా పూశారు. ఓడెల్ నా నడుం పట్టుకున్నాడు, పెగ్ తుపాకీ పట్టుకుంది.
"ఊపిరి వదులు, హార్లన్. నేను పట్టింది రాకపోవడమంటూ లేదు."
ప్లప్!
నేనూ ఓడెల్ దుమ్ములో వెల్లకిలా పడ్డాం. ఎవరిదో కుక్క పరుగున వచ్చి నా చెయ్యి నాకింది.

జనం ఒకటే నవ్వు. వెల్డా అయితే నేల మీద కూలబడి, పెనం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కారెక్కి తలుపు ధడాలున వేసి ఇంటిదారి పట్టాను. ఇంటి మలుపు దగ్గర ఆమే నోరు విప్పింది.
"నువ్వు బస్సు మానేశాక మనింట్లో నవ్వు విన్నావా?"
ఆలోచించాను. వినలేదు.
"నేనూ వినలేదు. వచ్చే పోటీ ఎప్పుడు?"
"నెల తర్వాత. ఎందుకు?"
"నేనూ పేరిచ్చాను. పెగ్ నేర్పిస్తానంది."
కారు చెత్తడబ్బాకి కొట్టాను. మెల్లగానే.

ఏప్రిల్ 13, ఆదివారం
తుపాకీ పని చేసింది కాబట్టి గ్యారేజీ నాదే. కొత్త ప్రతిజ్ఞ! తోలు కోసి పారేశాను. ఇక మార్పులుండవు, చేర్పులుండవు. రోజూ తుడవడం, చుక్క నూనె, బీరువాలో పెట్టి తాళం. అంతే. ఇంత సులువైన ప్రతిజ్ఞ తప్పేవాడు లోకంలో ఉంటాడా?

సాయంత్రం: తుడిచాను. నూనె వేశాను. గొట్టం చివర చిన్న ఇత్తడి పూస ఒకటి బిగిస్తే గురి బాగా కుదురుతుందేమో. ఊరికే, కేటలాగు చూస్తున్నాను.

వెల్డా నా భుజం మీంచి తొంగి చూసింది. తిడుతుందనుకుని పేజీ తిప్పబోయాను. వేలు పెట్టి ఆపింది.
"ఇత్తడి వద్దు. ఆ పక్కన తెల్లది చూడు. పోటీకి నేను వేసుకునే గౌనుకి నప్పుతుంది."