మధుకర్ పోటీలో ఉన్నాడు

మాదాపూర్

మామకు, మోకాళ్లు వంగనందున నిలబడే దండం పెడుతూ మేనల్లుడు మధుకర్ రాసేది.

మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని, కొన్నాళ్లు చదవడం, రాయడం వద్దన్నారని, అందుకని ఉత్తరాలు అత్తే చదివి పెడుతోందని తెలిసింది. ఫోన్లు ఎవరు వింటున్నారో తెలియని రోజులు కాబట్టి ఉత్తరాలే రాసుకోవాలన్నారు. మన ఫోన్లు వినేంత తీరిక ఎవడికుందో నాకు తెలియదు గాని, మాజీ సర్పంచ్ అయిన మీ మాట కాదనలేక పోస్టాఫీసు ఎక్కడుందో వెతుక్కుని మరీ రాస్తున్నాను. ఇన్నేళ్లుగా మాదాపూర్‌లో ఉంటున్నా ఇక్కడ పోస్టాఫీసు ఉందని ఇప్పుడే తెలిసింది.

ఎల్లమ్మ పండుగకు రమ్మన్నారు. రాలేను మామా. నెలాఖరు ఆదివారం ఇక్కడ పోటీలో ఉన్నాను. అప్పటిదాకా మాంసం, నిద్ర, బంధువులు మూడూ బంద్ అని మా గ్రూపు నియమం.

ఇంతకుముందు రెండుసార్లు చిన్న పోటీల్లో దిగాను. ఈసారి పెద్దది, ట్వంటీ వన్ కె. ఫీజు కట్టేశాను, గెలిచినా ఓడినా తిరిగి రాదు. ఓపెన్ కేటగిరీలో నిలబడ్డాను. సైబర్ టవర్స్ దగ్గర మొదలై కేబుల్ బ్రిడ్జి మీదుగా కొత్తగూడ ఫ్లైఓవర్ దాకా రూటు. ఆ రోజు మా కోసం రోడ్లు మూసేస్తారు. ముందు పోలీసు బండి, వెనక అంబులెన్స్. పోయినసారి ఆ అంబులెన్స్ మొదటి నుంచి చివరి దాకా నన్నే అంటిపెట్టుకుని వచ్చింది.

మా మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారు కూడా పోటీలో ఉన్నారు. ఆయన మీద గెలవాలని లేదు, అప్రైజల్ దగ్గర పడింది. ఆఖరివాణ్ని కాకుండా ఉంటే చాలు.

ఊపిరి తీసుకుంటూ,
మీ మధుకర్

తా.క.: కొత్త బూట్లు కొన్నాను. అడుగున ఏదో పలక ఉంటుంది, అది మనిషిని ముందుకు తోస్తుందట. నేను ఎక్కి నిలబడ్డాక అది కూడా ఆలోచనలో పడింది.

---

ఎర్రగుంటపల్లి

భావి నాయకుడు మధుకర్‌ను రొమ్ముకు హత్తుకుని, మాజీ సర్పంచ్ తిరుపతి చెప్పి రాయిస్తున్నది.

నీ ఉత్తరం మీ అత్తతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. పోయిన ఎలక్షన్లో మొగిలి చేతిలో ఓడినప్పటి నుంచి నా బతుకు ఏమయిందో నీకు తెలుసు. హోటల్ దగ్గరికి చాయ్‌కి పోతే కుర్చీలోంచి ఒక్కడు లేవడు. ఒకప్పుడు నన్ను చూసి చాయ్ పోసేవాడు కూడా చేతులు తుడుచుకునేవాడు. ఈసారి మళ్లీ నిలబడదామంటే మన ఊరి సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. మొగిలి తన భార్య బాలమ్మను నిలబెట్టి, కుర్చీలో తాను కూర్చుంటాడట. మహిళా సంఘం వాళ్లు మన ఇంటికి వచ్చి, "కిష్టమ్మక్కను నిలబెట్టుండ్రి పటేలా, మేం గెలిపిస్తం" అన్నారు. నవ్వి పంపించాను. మీ అత్తకు రాజకీయం ఏం తెలుసు? ఈ వాక్యం రాయనని మొండికేస్తే గట్టిగా చెప్పి రాయించాను.

మన ఇంటి పరువు ఇక లేవదనుకున్న సమయంలో నీ ఉత్తరం వచ్చింది. ఊరి సర్పంచ్ ఏంది, హైదరాబాద్‌లోనే పోటీ! ట్వంటీ వన్ కె అంటే ఇరవై ఒక్క వేల ఓట్లు. ముందు పోలీసులు, వెనక అంబులెన్స్! మంత్రులకు గాని పట్టని యోగం అది.

అయితే రెండు తప్పులు చేశావు. మనం బీసీలమై ఉండి మన కోటా వదిలేసి ఓపెన్లో ఎందుకు నిలబడ్డావు? ఇంకొకటి, ఆఖరివాణ్ని కాకుంటే చాలంటావా? అభ్యర్థి నోట రావలసిన మాటేనా అది? మీ మేనేజర్ ఎదురు నిలబడితే ఎట్లాగైనా నచ్చజెప్పి కూర్చోబెట్టు. ఏ పార్టీ తరఫున నిలబడ్డావు? ఏమేం పంచుతున్నారు? వెంటనే రాయి.

గెలుపు మనదే అంటూ,
తిరుపతి, మాజీ సర్పంచ్

తా.క.: రాసేది మీ అత్త. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను, తప్పులు ఆయనవి. బిడ్డా, అంత దూరం పోయే ముందు కడుపునిండా తినకు. కాళ్లకు నువ్వుల నూనె రాసుకో.

---

మాదాపూర్

మామకు, ఈసారి కొంచెం వంగగలిగినందున అంతవరకే దండం పెడుతూ మధుకర్ రాసేది.

మీ ఉత్తరం చదివి నాకు ఏడుపొచ్చింది. నా పోటీని ఇంత సీరియస్‌గా తీసుకున్న మనిషి ఇంట్లో మీరొక్కరే. అమ్మ అయితే, "జీతం సరిపోతలేదా?" అని అడిగింది.

మీరు అడిగినవాటికి జవాబులు. ఇక్కడ వయసును బట్టి తప్ప వేరే కోటా లేదు. పెద్దవాళ్లకు వెటరన్స్ అని ఒక వర్గం ఉంటుంది, మీరు ఇక్కడుంటే అందులో నిలబడేవారు. ఉదయ్ భాస్కర్ గారిని కూర్చోబెట్టమన్నారు. ఆయనను వేరే కూర్చోబెట్టాలా? రోజంతా కూర్చునే ఉంటారు. పార్టీ సంగతి ఇంకా తేలలేదు. గెలిచినా ఓడినా అంతా అయిపోయాకే పార్టీ. ఎవరు పెద్దగా పెడితే వాళ్ల వైపు పోదామని మేమందరం అనుకున్నాం. ఇక పంచడమంటారా, టీషర్టులు ముందే పంచేశారు. ఆ రోజు దారి పొడవునా అరటిపండ్లు, ఉప్పు నీళ్లు, చివర్లో అందరికీ ఉప్మా.

పొద్దున్నే లేచి పరుగెత్తుతున్నాను. అసలు ఇక్కడ పరుగెత్తడం కన్నా పరుగెత్తామని చెప్పడం ముఖ్యం. మా మేనేజర్ తెల్లవారకముందే దుర్గం చెరువు గట్టు మీద ఫోటో దిగి, 'నొప్పే నా నేస్తం' అని గ్రూపులో పెడతారు. కింద టీమంతా చప్పట్ల బొమ్మలు పెట్టాలి. పెట్టనివాడికి ఆ నేస్తం సోమవారం మీటింగులో పరిచయమవుతుంది. నా పక్క ఫ్లాటువాడు రోజూ కొండాపూర్ దాకా పరుగెత్తి వచ్చి, మొదటి అంతస్తుకు పోవడానికి లిఫ్ట్ కోసం నిలబడతాడు. వాడి వెనక నేను నిలబడతాను.

దారిలో మన అనేవాళ్లు నిలబడి పేరు పెట్టి అరిస్తే కాళ్లు వాటంతటవే కదులుతాయట. మీలాంటివాళ్లు ఒక్కరు వచ్చినా నాకు బలం.

నొప్పులతో,
మీ మధుకర్

తా.క.: నాకిచ్చిన నంబరు 420. మార్చమంటే కుదరదన్నారు.

---

ఎర్రగుంటపల్లి

420 నంబరు అభ్యర్థికి, తిరుపతి విజయతిలకం దిద్ది రాయిస్తున్నది.

నంబరు మార్చమని ఎవరినీ అడగకు. రాజకీయానికి దానికి మించిన నంబరు లేదు. పొద్దున్నే లేచి పరుగులు పెడుతున్నావంటే ప్రచారం జోరుగా ఉందన్నమాట. ఇక పార్టీ విషయం. ముందు గెలిచి, ఆ తర్వాత ఎవరు ఎక్కువ పెడితే వాళ్లతో కలుస్తానంటావా! నేను ముప్పై ఏళ్లు తిరిగి నేర్చుకున్నది నీకు పుట్టుకతోనే వచ్చింది. మేనమామ పోలిక!

ఒక్కరు వచ్చినా బలమన్నావు. డీసీఎం వ్యాను మాట్లాడాను. ఊళ్లో మగవాళ్లంతా వస్తున్నారు. డప్పులవాళ్లకు చెప్పాను, ఫ్లెక్సీ భూపాలపల్లిలో కొట్టించాను. మొగిలి కూడా వస్తానన్నాడు. "నీ అల్లుని డిపాజిట్ ఎట్ల గల్లంతయితదో కండ్లార చూసొస్త" అని హోటల్ దగ్గర పదిమందిలో అన్నాడు. రానీ, చూడనీ. బాలమ్మకు కేబుల్ బ్రిడ్జి చూడాలని ఉందట, ఆమె కూడా ఎక్కుతోంది. ఇక్కడ సర్పంచ్ నామినేషన్లకు ఆఖరి రోజు అదే ఆదివారం. బాలమ్మ కాగితాలు వేయడానికి సాయంత్రం ముహూర్తం ఉందని మొగిలి కాస్త జంకాడు. పొద్దున్నే ఓట్లయిపోతాయి, వేళకు ఊళ్లో దింపే బాధ్యత నాదని మాటిచ్చాను. నీ గెలుపు వాడు చూడకుండా ఉంటే నాకేం సుఖం?

మీ అత్త మాత్రం రానంది. బర్రె ఈనే రోజులట.

మెజారిటీ లెక్క కోసం ఎదురుచూస్తూ,
తిరుపతి

తా.క.: మీ అత్త రాసేది. ఇది ఆయనకు చదివి వినిపించను. బర్రె పోయిన నెలలోనే ఈనింది, ఆయన చూసుకోలేదు. నీవు నిదానంగా పో బిడ్డా. ఏం తొందర లేదు.

---

మాదాపూర్

మామకు, మంచం దిగలేక కోపం కూడా పడుకునే తెచ్చుకుంటూ మధుకర్ రాసేది.

ఒక్కరు వస్తే బాగుండునన్నాను. డీసీఎం నిండా రమ్మనలేదు. 'మన ప్రియతమ నాయకుడు మధుకరన్నను భారీ మెజారిటీతో గెలిపించండి' అని సైబర్ టవర్స్ ఎదురుగా ఫ్లెక్సీ కట్టమనలేదు. దాని మీద నేను పెళ్లిచూపుల కోసం దిగిన ఫోటో ఒకటి! ఆ సంబంధం ఎందుకు తప్పిందో ఇప్పుడు మాదాపూర్ మొత్తానికి తెలుసు.

మొదటి మలుపులోనే మీరు మా మేనేజర్‌ను చెయ్యి పట్టి ఆపారు. "సారూ, మావాడు ఎనకున్నడు. జర పెద్ద మనసు చేసి కూసోండ్రి" అని ఎక్కడి నుంచో కుర్చీ తెచ్చి వేశారు. ఆయన వద్దంటుంటే భుజాలు పట్టి కూర్చోబెట్టారు. నేను దాటిపోతూ నమస్తే పెట్టాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తోచలేదు.

కేబుల్ బ్రిడ్జి ఎక్కేసరికి నా వెనక ఇద్దరే మిగిలారు. కాసేపటికి వాళ్లూ దాటిపోయారు. మళ్లీ నేను, అంబులెన్స్. డ్రైవర్ తల బయటపెట్టి, "అన్నా, మల్ల మీరేనా?" అన్నాడు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద మన ఊరివాళ్లు డప్పులతో నన్ను చుట్టుకుని నడిచారు. నడిచారనే రాస్తున్నాను, నాతో సమానంగా రావడానికి వాళ్లకు పరుగెత్తే అవసరం పడలేదు. మొగిలి నా పక్కనే బీడీ తాగుతూ వచ్చాడు.

ఆఖరి మనిషి చేరేదాకా రోడ్డు తెరవకూడదని నియమం. ఎటు చూసినా బండ్లు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. ట్రాఫిక్ పోలీసు దగ్గరికొచ్చి చిన్నగా, "సార్, ఆటో ఎక్కుండ్రి. నేనెవ్వరికి చెప్ప" అన్నాడు. ఎక్కలేదు మామా. అదొక్కటే నేను చేసిన మంచి పని.

మెడలో పతకం వేసుకుని వస్తే మీరు ఉరికొచ్చి, "మెజార్టీ ఎంత?" అన్నారు. ఇది ఎలక్షన్ కాదు, పరుగు పందెం అన్నాను. మీరు నమ్మలేదు. "ఉరుకుడా? ఉత్త ఉరుకుడేనా? ఎవడు తరిమిండ్రా?" అన్నారు. మొగిలి రోడ్డు మీద కూలబడి నవ్వాడు. మీరు ఫ్లెక్సీ మడిచి చంకలో పెట్టుకుని డీసీఎం ఎక్కారు. అది చూశాక నా కోపమంతా పోయింది మామా. వాడి ముందు మిమ్మల్ని తలవంచుకునేలా చేశాను. సర్పంచ్ కుర్చీ ఇక మొగిలిదే. నన్ను క్షమించండి.

తలెత్తుకోలేక,
మధుకర్

తా.క.: ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగులు ఎన్నికల్లో పోటీ చేయరాదట. ఒకవేళ గెలిచి ఉంటే ఏ శాఖ ఇస్తున్నారో తెలియజేయమని ఉదయ్ భాస్కర్ గారు విడిగా అడిగారు.

---

ఎర్రగుంటపల్లి

మధుకర్‌కు అత్త కిష్టమ్మ రాసేది. ఈసారి చెప్పేదీ నేనే, రాసేదీ నేనే.

ఏడవకు. మొదట మంచం దిగు.

ఆ ఆదివారం డీసీఎం మాదాపూర్‌లోనే మధ్యాహ్నం దాటేదాకా ఇరుక్కుపోయిందట. రోడ్డు తెరిచాక కూడా ఆ బండ్లన్నీ కదలడానికి అంతసేపు పట్టిందట. ఊరు చేరేసరికి చీకటి పడింది, నామినేషన్లు సాయంత్రమే బంద్ అయ్యాయి. మొగిలి కాగితాలు పట్టుకుని పంచాయతీ ఆఫీసు తాళం ముందు నిలబడ్డాడు. ఆ పగలు ఊళ్లో మిగిలింది మా మహిళా సంఘం, పిల్లలు, ముసలివాళ్లు. సంఘం వాళ్లు సంతకాలు పెట్టారు, నేను నామినేషన్ వేశాను. నాది తప్ప ఇంకొకటి పడలేదు. నాలుగు రోజుల కింద ఏకగ్రీవమని కాగితం చేతికిచ్చారు. నీ అత్త ఇప్పుడు సర్పంచ్.

నీవు రాసింది పరుగు పందెమని మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమయింది. ఆయనకు చెప్పబోయాను. "నువ్వు చదువు, నడుమ మాట్లాడకు" అన్నాడు. సరేనని చదివాను, మాట్లాడలేదు. పెండ్లయిన నాటి నుంచి ఆయన చెప్పిన మాట విన్నందుకు నాకు లాభం కలిగింది ఈ ఒక్కసారే.

నీవు ఇంకాస్త జోరుగా పరుగెత్తి ఉంటే రోడ్డు ముందే తెరిచేవాళ్లు, మొగిలి వేళకు వచ్చేవాడు. ఎవరడిగినా అల్లుని కాళ్లతో గెలిచానని చెబుతున్నాను. ఆ పతకాలు పరుగెత్తిన అందరికీ ఇచ్చారటగా. ఇది మాత్రం నీ ఒక్కడి వల్లే అయింది. మొగిలి కేసు వేస్తానని తిరుగుతున్నాడు గాని, నిదానంగా పరుగెత్తినవాడి మీద ఏ సెక్షన్ పెట్టాలో వకీలుకే తెలియలేదట. బాలమ్మ పెరటి దారిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "బతికిచ్చినవక్కా. ఐదేండ్లు ఆయన సూపిచ్చిన కాడల్ల సంతకం పెట్టుడు తప్పింది. బ్రిడ్జి గూడ సూసిన" అన్నది.

మీ మామ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తెల్ల బట్టలు ఇస్త్రీ చేయించుకుని, "పా, ఆఫీసుకు పోదాం. నువ్వు పక్కన కూసో, అంత నేను చూసుకుంట" అన్నాడు. "పక్కన కుర్చీ లేదు, మీరు ఇంట్ల బర్రెను చూసుకోండ్రి" అన్నాను. అయినా వెంట వచ్చాడు. హోటల్ ముందు నుంచి పోతుంటే అందరూ లేచారు. "నన్ను చూసే లేచిండ్రు" అన్నాడు మెల్లగా. ఆ ముఖం చూసి కాదనబుద్ధి కాలేదు.

వచ్చే నెల బడి పిల్లలకు పరుగు పందెం పెడుతున్నాను. ముఖ్య అతిథివి నీవే. కుర్చీలో కూర్చుని బహుమతులివ్వు, పరుగెత్తకు. మన ఊరికి ఉన్నది ఒకటే రోడ్డు.

ఇట్లు,
కిష్టమ్మ, సర్పంచ్ (మాజీ కాదు)

తా.క.: మీ మామకు కొత్త అద్దాలు వచ్చి వారం దాటింది. బియ్యం డబ్బాలో దాచాను. ఈ ఉత్తరం పోస్టులో పడ్డాక ఇస్తాను.