పలచటి సిరాతో అమ్మమ్మ పేరు

నారా పట్నం నుంచి

అలలకి తప్ప ఇంకెవరికీ తలవంచని అమ్మమ్మకి,

చిగుసా నమస్కరించి రాసేది. ఇక్కడ ఉమే పూలు విచ్చాయి. మన దీవిలో గాలి తగ్గిందా?

అనుకున్నట్టే కుంచెరాత తరగతిలో చేరాను. ఏప్రిల్ నుంచి మన దీవి బడిలో పంతులమ్మని కదా, పిల్లలచేత కుంచె పట్టించాల్సింది నేనే. ఇప్పటి నా రాత చూస్తే వాళ్ళే జాలిపడి నాకు నేర్పిస్తారు. అందుకే ఉద్యోగంలో చేరేలోపు ఈ ప్రయాణం.

పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా టీచరుగారు నాచేత ఒక్క అడ్డగీతే గీయించారు. "ఏమ్మా, ఇది గీతా, ఎండ్రకాయ నడిచిన జాడా?" అన్నారు. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, ఒక గీత గీయలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని కాళ్ళు మొద్దుబారిపోయాయి. లేవబోయి పక్కావిడ కాగితం మీద పడ్డాను. ఆవిడ అప్పుడే 'ప్రశాంతత' అని రాయడం పూర్తిచేసింది.

సిరాకడ్డీని రాతిపలక మీద నీళ్ళు పోసి అరగదీయాలి. చెయ్యి పడిపోతుంది. నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తే పని తొందరగా తెములుతుందని నేనే కనిపెట్టాను. ఈ ఉత్తరం, కవరు మీది చిరునామా ఆ సిరాతో రాసినవే.

ఇక అసలు సంగతి. డెబ్బై దాటినవాళ్ళు జంట లేకుండా గుల్లల కోసం సముద్రంలో మునగకూడదని జాలరుల సంఘంవాళ్ళు ఈ ఏడు గట్టిగా చెప్పేశారు. ఇన్నేళ్ళూ నీ జంట పక్కింటి కుమే అమ్మమ్మ. నీళ్ళ అడుగున ఉన్న బండని ఎవరు ముందు చూశారన్న తగువుతో మీరిద్దరూ మాటలు మానేశారు. ఆమెతో మాట్లాడకపోతే, నెలాఖరుకి అందరూ నీళ్ళలో దిగుతుంటే నువ్వు ఒడ్డున కూర్చోవాలి. కూర్చోగలవా? గోడవతల మనిషేగా అమ్మమ్మా. ఒక్క మాట చాలు.

నీ చిగుసా

తా.క. ఇక్కణ్ణుంచి షిన్షూ కొండలకి వెళ్ళి సోబా నూడుల్స్ చేయడం నేర్చుకుంటాను. ఆ పని నిలబడే చెయ్యచ్చట. నా కాళ్ళు సంతోషించాయి.

*

దీవి నుంచి

బతికే ఉన్న చిగుసాకి,

నీ ఉత్తరం చేరింది. దాంతో నా ప్రాణం సగం పోయింది. పోస్టుమ్యాన్ గిసాకు కవరు బయటికి తీస్తూనే టోపీ తీసేశాడు. రెండు చేతులతో అందించి, "ఇసోనోగారూ, ధైర్యంగా ఉండండి" అన్నాడు. ఎందుకో తెలుసా? పలచటి సిరాతో రాసేది చావు కబురేనే పిల్లా! ఏడుస్తూ రాస్తే కన్నీళ్ళు కలిసి సిరా పలచనైందని దాని అర్థం. అన్నేళ్ళ చదువులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదా?

నేనా, కూడబలుక్కుని చదివేదాన్ని. మొదట్లోనే నీ పేరు కనిపించేసరికి నువ్వు పోయావనుకుని ఒక్కో అక్షరం చదువుకుంటూ వచ్చాను. చాలాసేపటికి తేలిందేమిటి? నువ్వు ఎవరి ప్రశాంతత మీదో పడ్డావని.

కుమే సంగతి అడిగావు. అదే ముందు మాట్లాడాలి. ఆ బండ నేను ముందు చూశాను. ఒడ్డున కూర్చోమంటే కూర్చుంటాను. కూర్చుని దిగినవాళ్ళందరినీ తిడతాను. ఆ పని చెయ్యడానికి జంట అక్కర్లేదు.

ఒళ్ళు జాగ్రత్త. సిరా చిక్కగా నూరు.

అమ్మమ్మ ఇసోనో

తా.క. గిసాకు టోపీ తీయడం కుమే గోడ మీంచి చూసింది. మొహం తెల్లబోయింది. నేనూ పలకరించలేదు, అదీ పలకరించలేదు. సాయంత్రం మన గుమ్మంలో ఒక ముల్లంగి ఉంది. ఎవరు పెట్టారో నాకేం తెలుసు? వండుకు తిన్నాను.

*

షిన్షూ కొండల నుంచి

కోపంలో ఉన్న అమ్మమ్మకి,

చెవులు పట్టుకుని చిగుసా రాసేది. ఈసారి సిరా ఎంత నల్లగా ఉందో చూడు. చెయ్యి లేవడం లేదు.

సోబా నేర్పే పెద్దాయన, "పిండి చెవితమ్మెంత మెత్తగా రావాలి" అన్నారు. నేను పిండి ఒకసారి, చెవి ఒకసారి నొక్కి చూసుకుంటూ పోయాను. చివరికి ఆయన, "అమ్మాయీ, పిండి పళ్ళెంలోకి కూడా కాస్త మిగుల్చు. చెవులు ఉడకబెట్టలేం" అన్నారు. కోయడం ఇంకా కష్టం. కొన్ని పోగులు దారాల్లా, కొన్ని పడవ మోకుల్లా వచ్చాయి. పెద్దాయన చాలాసేపు చూసి, "అన్ని వయసులవాళ్ళూ ఉన్న ఇంటికి పనికొస్తాయి" అన్నారు. మంచి మనిషి.

వాటిని ఆరబెట్టి రెండు పొట్లాలు నీకు పంపాను. ఒకటి నీకు, ఒకటి కుమే అమ్మమ్మకి. "మా పిల్ల చేసింది" అని నువ్వే చేతికిచ్చి రా. నువ్వు ముందు మాట్లాడినట్టు కాదు, నా నూడుల్స్ మాట్లాడినట్టు. ఆమె తోడు లేకపోతే నిన్ను నీళ్ళలోకి రానివ్వరు. గుర్తుంచుకో.

నీ చిగుసా

తా.క. అయ్యో అమ్మమ్మా! నీ ఉత్తరం అందేలోపే పార్సెల్ పంపేశాను. పొట్లాల మీద 'ఇసోనో' అని నీ పేరు పెద్దగా రాశాను, నారాలో మిగిలిన ఆ నీళ్ళ సిరాతోనే. ఇచ్చేముందు ఆ కాగితం చింపెయ్యి. మర్చిపోకు!

*

దీవి నుంచి

చిగుసాకి,

నీ పార్సెల్ నిన్న వచ్చింది, ఉత్తరం ఇవాళ వచ్చింది. నా కళ్ళజోడు కనిపించలేదు, కాబట్టి కాగితం మీద ఏముందో చూసుకోలేదు. కుమే నాచు ఆరేయడానికి వెళ్ళింది. పొట్లం దాని గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

సోబా ఎప్పుడు పంచుతారో కూడా నీకు తెలిసినట్టు లేదు. కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళు, "ఇకనుంచి మీ పక్కనే ఉంటాం, దయ ఉంచండి" అని ఇరుగుపొరుగుకి ఇస్తారే. ఇప్పుడు నువ్వే కుమేవనుకుని ఆలోచించు. పైన చావు సిరాతో నా పేరు, లోపల సోబా. ఇసోనో పోయింది, ఆ ఇంట్లో ఎవరో దిగారు!

నల్లబట్టలు కట్టుకుని, అగరొత్తులు పట్టుకుని వచ్చింది. నేను వెనక గదిలో ఉన్నాను. ఎదురుపడదామనే అనుకున్నాను. అంతలో మీ తాతయ్య పటం ముందు కూలబడి, "ఒసే ఇసోనో, మొండి ముండా" అని మొదలుపెట్టింది. సరే, విందామని ఆగాను.

"నీ వంట ఉప్పుకషాయం, నీ పాట గాలివాన. అయినా నీళ్ళలోంచి తల పైకెత్తి ఇక ఎవరికోసం చూడనే? ఆ బండ నువ్వే ముందు చూశావు. తీసుకో. పట్టుకుపో" అని భోరుమంది.

నేను ఆగలేక, "ఏదీ, ఆ ఆఖరి ముక్క మళ్ళీ చెప్పు!" అనేశాను.

"చచ్చినదానివి చచ్చినట్టు పడుండవే!" అని అగరొత్తుల పెట్టె నా మీదికి విసిరింది. తర్వాత ఇద్దరం సోబా వండుకు తిన్నాం. మోకులు దానికి, దారాలు నాకు. దాని పళ్ళు గట్టివి. రేపు సంఘానికి వెళ్ళి జంటగా పేర్లు రాయించుకుంటాం.

అమ్మమ్మ ఇసోనో

తా.క. నా పేరు ఎవరైనా అంత పెద్దగా రాయడం ఎప్పుడూ చూడలేదు. ఆ కాగితం దాచాను. అసలు అవసరం వచ్చినప్పుడు మళ్ళీ రాయించుకోనక్కర్లేదు.

*

దీవి నుంచి

పంతులమ్మ కాబోతున్న చిగుసాకి,

గోడవతలి కుమే ఆశీర్వదించి రాసేది. మీ అమ్మమ్మ నీకు రాసిన ఉత్తరం పోస్టు చేసేముందు నాకు చదివి వినిపించింది. అందులో కొన్ని సంగతులు సర్దాలి.

కళ్ళజోడు కనిపించలేదని రాసింది కదా. నేను పటం ముందు ఏడుస్తుంటే తలుపు సందులో తళతళలాడింది అదే. పొట్లం మా గుమ్మంలో పెట్టి, నేను వచ్చేదాకా మా నీళ్ళతొట్టి వెనక దాక్కుని చూసింది. తొట్టి సన్నం, ఆవిడ వెడల్పు.

మరి బతికే ఉందని తెలిసీ నల్లబట్టలెందుకు కట్టావంటావేమో. ఆ మాటలు బతికున్న ఇసోనో మొహం చూస్తూ నా నోటికి రావమ్మా. చాలాసార్లు గోడ దాకా వచ్చి వెనక్కి పోయాను. ఆవిడ పోయినట్టు నటించింది, నేను నమ్మినట్టు నటించాను. కన్నీళ్ళు మాత్రం నేను తెచ్చుకున్నవి కావు. అవే వచ్చాయి.

నన్ను బోల్తా కొట్టించానని ఆవిడ పడే సంబరం చూసి తీరాలి. ఆ సంబరంలో తగువే మర్చిపోయింది. కాబట్టి ఇదంతా ఆవిడకి చెప్పకు. నిజానికి ఆ బండ నేనే ముందు చూశాను. అది అసలే చెప్పకు.

నిన్న గుల్లల కాలం మొదలైంది. ఇద్దరం దిగాం. ఆవిడ ఒకసారి పైకి రావడం ఆలస్యం చేసింది. నేను తల పైకెత్తి నీళ్ళకేసి చూస్తూ ఉన్నాను. చివరికి అల్లంత దూరంలో తేలి, ఈలలా ఊపిరి వదిలింది. ఆ ఈల విన్నాకే నేను మళ్ళీ మునిగాను.

కుమే

తా.క. ఇంకా రాసేదాన్నే. బయటినుంచి మీ అమ్మమ్మ, "ముసలిదానా, పడవ వెళ్ళిపోతోంది, చచ్చావా ఏమిటి?" అని కేకలేస్తోంది. ఇంకా లేదని చెప్పి వెళ్తాను.