పేరే తాళంచెవి

సూరత్, జూన్ 2021

సంఘం పెద్ద రాఘవయ్యగారికి,

నేను బూదవ్వను. వయసు డెబ్బై ఒకటి. డిండోలిలో మనుమడు మల్లేష్ దగ్గర ఉంటాను. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను. పెళ్లయిన నాటి నుంచి మా ఆయన పేరు నోట పలకలేదు.

లాక్‌డౌన్‌లో మల్లేష్ ఇంటి ఫోటోలు, వీడియోలు, సినిమాలు అన్నీ దాచే సర్వర్ డబ్బా పెట్టాడు. దానికి పాస్‌వర్డు మా ఆయన పేరు! సినిమాలు చూసుకొమ్మని గల్లీ అందరికీ చెప్పాడు. మిద్దెల మీంచి ఒకరికొకరు ఆ పేరు అరిచి చెప్పుకుంటున్నారు. థూ!

ఆయన కరోనాతో పోయే ముందు ఆస్పత్రివాళ్లు తీసిన వీడియో కూడా అందులోనే ఉంది. అప్పుడు నన్ను వార్డులోకి రానివ్వలేదు. ఆ వీడియో ఉందనే నాకు తెలియదు. నిన్న నల్లా దగ్గర పక్కింటి కరుణ, “అవ్వా, మీ వీడియో చూసినం. తాత ఆఖరికి ‘బూదీ, బూదీ’ అని పిలిచిండు, పాపం” అన్నది. బిందె అక్కడే వదిలేసి వచ్చాను.

మల్లేష్‌ను అడిగితే, “తాత పేరు చెప్పు అవ్వా, తెరుస్త” అని నవ్వాడు. వాని నోట్ల మన్నువడ!

వాణ్ని పిలిచి ఆ పేరు తీయించండి. ఫోన్ అంకెలు నొక్కడం నాకు వచ్చు, కొత్త పాస్‌వర్డు అంకెల్లో నేనే పెడతాను. ఇది రాస్తున్న అనురాధకు కూడా చెప్పను. తర్వాత తలుపు వేసుకొని ఆ వీడియో ఒక్కదాన్నే చూస్తాను. ఆయన పిలిచాడు, నేను పలకాలి.

బూదవ్వ ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: అనురాధ, లింగం