పడవ పేతురు ఫోటో

రాజోలు, 12-8-79

పెద్దక్కా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

అమలాపురంలో జరిగే ప్రదర్శనకు నా ఫోటోలన్నీ అట్టలకు అంటించాను. వాటిలో సఖినేటిపల్లి రేవులో తీసిన పడవ పేతురు ఫోటోయే గొప్పగా వచ్చింది. నిన్న అతని భార్య దానమ్మ వచ్చింది. "ఆయన పోయేరు మేష్టారండీ. ఇంట్లో ఒక్క ఫోటో అయినా లేదండి," అని ఏడ్చింది. నెగెటివు చెమ్మకు పాడైపోయింది, ఇంకో కాపీ లేదు. అయినా అట్టతో సహా ఇచ్చేశాను. ఆమె కాసేపు చూసి, "నవ్వుతున్నది లేదాండి?" అంది. లేదన్నాను. ఆ రోజు అతను నవ్వబోతే వద్దన్నది నేనే అక్కా. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. ఇక ప్రదర్శన మీదకు మనసు పోవడం లేదు.

నాన్నగారి దగ్గు తగ్గిందా? శనివారం కొత్తపేట వస్తాను, ఆయన్ని ఒక ఫోటో తీయాలి. అమ్మకు వందనాలు, పిల్లలకు దీవెనలు.

తమ్ముడు రత్నరాజు