తురాయి నీ వైపు, పొగడ నా వైపు

రుక్మిణక్కకు చెల్లెలు ప్రసన్న నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, నీ మరిదీ క్షేమం. హనుమకొండలో మా అబ్బాయి రోహిత్ కూడా క్షేమమే. భూపాలపల్లిలో నువ్వూ బావా బాగున్నారనుకుంటాను. బావ దగ్గు తగ్గిందా? గని నుంచి రాగానే మిరియాల కషాయం చేసివ్వు. ఆయన మొహమాటం మనిషి, అడిగి తాగడు.

నీ ఉత్తరం శ్రావణం చివర్లో అందింది. మొక్కలు వేరు పట్టాక జవాబు రాద్దామని ఆగాను. దసరా కూడా వెళ్లిపోయింది. రోజూ ఫోన్‌లో మాట్లాడే మనిషికి కాగితం మీద రాయాలని ఎందుకు బుద్ధి పుట్టిందా అని అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎందుకో కింద రాస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను.

వాకిట్లో చెట్లు పెట్టమన్నావు, తురాయి మంచిదా, పొగడ మంచిదా అని అడిగావు. మానుకోట రోడ్డు మీది నర్సరీకి రెండుసార్లు వెళ్లి, వాళ్ల బుర్ర తినేసి మరీ కనుక్కొచ్చాను. తురాయి తొందరపాటు చెట్టు. నాటిన ఏడాదికే మనిషెత్తు దాటుతుంది, నాలుగైదేళ్లకు పూత పడుతుంది. ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చుకుని, తర్వాత ఒళ్లంతా ఎర్రగా పూస్తుంది. ఆ పూల కేసరాలతో కోడిపుంజుల ఆట ఆడి, నా పుంజుల తలలన్నీ నువ్వే తెంపేదానివి. కానీ దాని వేళ్లు లోతుకు పోవు. పైపైనే పాకి గచ్చును లేపుతాయి, గోడను పగలగొడతాయి. కొమ్మ పెళుసు. గట్టి గాలి వచ్చిందంటే ఏ కొమ్మ ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. అందుకే దాన్ని ఇంటికీ గోడకూ బాగా దూరంగా నాటాలట.

పొగడ దీనికి పూర్తిగా వేరు. దానికి ఏ తొందరా ఉండదు. మొదటి రెండు మూడు ఎండాకాలాలు తడి ఆరకుండా చూసుకోవాలి, చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ తగలకుండా కాస్త చాటు కట్టాలి. పూలు చూడాలంటే ఏళ్లు పడుతుంది. అయితే ఒకసారి నిలదొక్కుకుందంటే ఏడాది పొడవునా నీడే. గోడ జోలికి అంతగా రాదు. పూలు కోసే పని కూడా లేదు, పొద్దున లేచేసరికి కింద రాలి ఉంటాయి. వాడినా వాసన పోదు. కూర్చుని అనుభవించే ఓపిక ఉన్నవాళ్ల చెట్టు అది.

ఇవన్నీ నీకు ఫోన్‌లో చెప్పాను. రెండు వైపులా పొగడే పెడదామన్నాను. అమ్మ మనకు చెరిసగం ఇచ్చిన జాగాలో నా సగంలో ఇల్లుంది, నీ సగం ఖాళీ. బావ రిటైరయ్యాక వచ్చి ఇల్లు కట్టుకుంటానన్నావు. మధ్యలో గోడ వద్దు, ఒకే వాకిలి ఊడ్చుకుందాం అన్నదీ నువ్వే. అందుకే రెండు పొగడలైతే వాకిలంతా ఒకే నీడ అవుతుందనుకున్నాను. నువ్వేమో, "నా దిక్కు తురాయే పెట్టు, గేటుకాన్నే పెట్టు, జల్ది కనపడాలె" అన్నావు. గోడ పాడవుతుందే అంటే, "అయితే అవనీ, అప్పటి సంగతి అప్పుడు సూద్దాం" అన్నావు.

వచ్చి ఉండబోయే మనిషి అట్లా అనదు కదా. నాకు అప్పుడు తట్టలేదు. అక్కకు ఆత్రం, వచ్చేసరికి చెట్టు కనపడాలని ముచ్చట పడుతోందని మురిసిపోయాను. నా అంత తెలివైనది మన కురవి మొత్తం వెతికినా దొరకదు.

నీళ్లు ఎట్లా పోస్తావని అడిగావు. తురాయికి పాదు చేసి రెండు రోజులకోసారి, పొగడకు రోజూ పోస్తున్నాను. నీ తురాయి అప్పుడే నా భుజం దాటింది. నా పొగడ ఇంకా మోకాలు దగ్గరే ఉంది.

ఇక అసలు సంగతి.

పోయిన ఆదివారం గేటు ముందు కారు ఆగింది. భార్యాభర్తలు దిగారు. ఆయన పేరు సంజీవ, జనగామలో బట్టల దుకాణమట. తిన్నగా తురాయి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను చెంబుతో పొగడకు నీళ్లు పోస్తున్నాను.

"మీరేనమ్మా చెల్లె? మీ అక్క చెప్పింది. మిరుగం నాడే, వానలు మొదలైనప్పుడే మాట ఖాయం చేసుకున్నం గద. చెట్లు గూడ పెట్టిపిస్త, మీరు ఇల్లు కట్టేదాంక మా చెల్లె నీళ్లు పోస్తది, మీరేం ఫికర్ చెయ్యకుండ్రి అన్నది" అన్నాడు.

ఆయన భార్య నా చేయి పట్టుకుంది. "అక్కచెల్లెండ్లు గింత మంచిగుంటరా అని మా ఇంట్ల అందరం అనుకున్నం" అంది.

నేనేమన్నానో తెలుసా? "అవును, అక్క చెప్పింది" అన్నాను. నీ పరువు కాపాడాను. లోపలికి పిలిచి చాయ్ పోశాను. తురాయి గోడ పక్కన ఉంటే మీకే కష్టం, ఎండలు ముదరకముందే కొంచెం లోపలికి మార్చుకోండి అని కూడా చెప్పాను. వాళ్లు మంచివాళ్లే. వాళ్ల మీద నాకేం కోపం లేదు.

నీ మరిది పొలం నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. "జాగ అమ్ముకుంటే మొదలు తోడబుట్టినోళ్లను అడుగుతరు. గది రివాజు. పగోళ్లు గూడ గట్ల చెయ్యరు" అని లేచి వెళ్లాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది నా బతుకు. నీ భాగం నీది, అక్కా. అమ్ముకో. బావ ఆరోగ్యానికో, మరేదైనా అవసరానికో అమ్ముకుని ఉంటావు. చెప్పి ఉంటే నేను వద్దనేదాన్ని కాదు, నీతో కలిసి కాసేపు ఏడ్చేదాన్ని. కానీ నువ్వు జాగాతో పాటు నీళ్లు పోసే మనిషిని కూడా కలిపి అమ్మావు. నన్ను అడగకుండా అమ్మావు. ఫోన్‌లో అయితే గొంతు పట్టిస్తుందని కాగితం మీద రాశావు. అంత దూరం ఆలోచించినదానివి, ఆ మనిషి ఒక రోజు వచ్చి నా ముందు నిలబడతాడని ఆలోచించలేదా?

నీకు చెప్పని మాట ఒకటుంది. నీకు బరువవుతుందని ఇన్నాళ్లూ దాచాను. రోహిత్ పోయిన ఏడాది మమ్మల్ని హనుమకొండకు రమ్మన్నాడు. మా కోసమని కింది వాటా ఇల్లు చూశాడు. నీ మరిది సరేనన్నాడు. నేనే కాదన్నాను. "పెద్దమ్మ వస్తది బిడ్డా, వచ్చినంక ఒక్కతే ఎట్లుంటది" అన్నాను. వాడు అలిగాడు, పండక్కి రాలేదు. ఆ వాటా ఎవరికో ఇచ్చేశారు. ఇప్పుడు వాడికి ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేయాలో తెలియడం లేదు.

శ్రావణంలో నన్ను భూపాలపల్లికి పిలిచి ఒడిబియ్యం పోశావు. మనకు అన్నదమ్ములు లేరు. అమ్మ పోయాక పుట్టింటి చేయి నీదే. పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో నా ఒడిలో పోస్తూ, "ఇగ వచ్చేసారి మన వాకిట్లనే పోస్త" అన్నావు. అప్పటికి మిరుగం దాటి ఎన్ని రోజులైందో నీకు తెలుసు. ఆ బియ్యం తెచ్చి వండి, వాడకట్టు వాళ్లందరినీ పిలిచి అన్నం పెట్టాను. మా అక్క వస్తోందని ఒక్కొక్కరికీ చెప్పి పెట్టాను. వాళ్లంతా తిని నిన్ను దీవించి వెళ్లారు.

రిజిస్ట్రేషన్‌కు నా సంతకం కావాలంటే కబురు చేయి, వచ్చి చేస్తాను. పని చెడగొట్టను. నీకు ఒంట్లో బాగా లేకపోయినా వస్తాను, బావకు బాగా లేకపోయినా వస్తాను. కానీ మూడేళ్లకు మళ్లీ ఒడిబియ్యం పోసే శ్రావణం వచ్చినప్పుడు నన్ను పిలవకు. నీ ముందు ఒడి పట్టలేను.

ఇట్లు,
నీ తోడబుట్టిన
ప్రసన్న